ఈశాన్యంలో నాలుగో ముక్క

ఇంటికో సాఫ్ట్‌వేర్ ఇంజినీర్ కావాలన్న తొందరలో చేవెళ్ల జనం పిల్లల్ని సిటీ కోచింగ్‌లకు బస్సెక్కిస్తున్న రోజులవి. ఆ ఆదివారం సభలో తల్లిదండ్రుల్ని మెప్పించలేకపోతే రమ లెక్కల ట్యూషన్ మూతబడ్డట్టే. అందుకే హైటెక్ సిటీలో ఉద్యోగం చేస్తున్న మొయినాబాద్ మహేశ్వర్‌ని ముఖ్య అతిథిగా పిలిచింది. ఆ మాట వినగానే వస్తామన్నవాళ్లు రెట్టింపయ్యారు. వాకిట్లో ఉన్న టార్పాలిన్ పందిరి చాలదని పొద్దున్నే టెంట్‌హౌస్ భద్రయ్యకు ఫోన్ చేసింది.

"అన్నా, పందిరి పొడుగు జర తూర్పుకు పెంచాలె. వెడల్పు జర ఉత్తరానికి పెంచాలె."

"గంతేగద టీచరమ్మా! రెండు ముక్కలు పంపిస్త, ఫికర్ జేయకు."

రెండు ముక్కలూ వచ్చాయి. ఒకటి తూర్పున, ఒకటి ఉత్తరాన కట్టారు. సమోసాల హడావిడిలో ఉన్న రమకు తలెత్తి చూసే తీరిక లేదు. మనుమరాలి చదువు కోసం వచ్చిన అంతమ్మ ఈలోగా కుర్చీల పెత్తనం పుచ్చుకుంది.

"పెద్దమనిషిని ఈశాన్యంలనే కూసోవెట్టాలె. గదే మంచి మూల."

మహేశ్వర్ మైకు అందుకున్నాడో లేదో, వాన దంచికొట్టింది. పందిరంతా పొడిగా ఉంది. అతని నెత్తిన మాత్రం ధార కట్టింది. ఇది ఇక్కడి మర్యాద కాబోలనుకొని పాపం అతను కదల్లేదు.

"సూడుండ్రి! సరిగ్గ ఈశాన్యంలనే గంగమ్మ దిగింది!" అని అంతమ్మ దండం పెట్టింది. అంతే, ఎవరో కొబ్బరికాయ కొట్టారు. ఇంకెవరో హారతి పట్టారు. జనం వరస కట్టారు.

అప్పుడు తలెత్తి చూసింది రమ. పొడుగూ వెడల్పూ రెండూ పెరిగిన ఆ మూలన నలుపలకల ఆకాశం. రెండు ద్విపదుల్ని గుణించేటప్పుడు పిల్లలు వదిలేసే ఆ చివరి పదానికి ఏళ్లుగా మార్కులు తగ్గించిన మనిషి ఆమె. అది ఇంత అద్భుతంగా ఉంటుందని ఇన్నాళ్లూ తనకే తెలియదు. గంగమ్మ కాదంటే ట్యూషన్ పోతుందని తెలిసినా నోరు ఆగలేదు.

"అవ్వా, గది గంగమ్మ గాదు, నా తప్పు. పొడుగుల రెండు భాగాలు, వెడల్పుల రెండు. గుణిస్తే నాలుగు ముక్కలు రావాలె. పాత పందిరి ఒకటి, తూర్పుది ఒకటి, ఉత్తరందొకటి. పెరిగిన పొడుగును పెరిగిన వెడల్పుతోని గుణించుడు నేనే మర్శిపోయిన. నాలుగోది గదే!"

అందరి తలలూ పైకి లేచాయి.

"అంటే, లెక్కల ఎంత తప్పితే అంతమేరకే వడ్డదా వాన?" అంతమ్మ మళ్లీ దండం పెట్టింది. "ఒక్క జానెడు అటు గాలే, ఇటు గాలే! టీచరమ్మా, మా మనుమరాలి పేరు రాస్కో."

సాయంత్రానికి ట్యూషన్ నిండిపోయింది. నాలుగో ముక్క పట్టుకొచ్చిన భద్రయ్యను తల్లిదండ్రులే వెనక్కి పంపించారు. రమ ట్యూషన్‌లో ద్విపదుల గుణకారం ఇప్పటికీ వానాకాలంలోనే చెబుతారు.