రంగు రాలని పుంజు

రేపల్లెలో ఆశీర్వాదం మాస్టారి ఇంటికి దారి అడిగితే ఎవరూ వీధి పేరు చెప్పరు. "అరుగు మీద కుర్చీలో పుంజు కూర్చుని ఉంటుంది చూడండి, ఆ ఇల్లే" అంటారు. కుర్చీ పుంజుది. మాస్టారు దాని ఎదురుగా కింద పీట మీద కూర్చుని బొమ్మ గీస్తుంటాడు.

పుంజు పేరు దొర. ఒళ్ళంతా ఎరుపు, తోక నలుపు, నడకలో కలెక్టరు ఠీవి. డ్రాయింగు మాస్టారుగా రిటైరైన దగ్గర్నుంచీ ఆశీర్వాదం సాఫ్ట్ పాస్టెల్‌తో జనాల పెంపుడు కుక్కలూ పిల్లులూ గీసిపెడుతున్నాడు. కుక్క ఒకచోట నిలబడదు, పిల్లి అసలు రాదు. దొర మాత్రం పొద్దెక్కేదాకా కదలకుండా పోజిచ్చేది. కూలీగా ఒక తెల్ల సుద్దముక్క ఇస్తే చాలు, టకటకా పొడుచుకు తినేసేది. ఎప్పుడైనా మర్చిపోతే ఆశీర్వాదం చొక్కా జేబులో ముక్కు పెట్టి తనే తీసుకునేది.

సాఫ్ట్ పాస్టెల్ అంటే మెత్తటి రంగు సుద్ద. కాగితం మీద రుద్దాలి, వేలితో పులమాలి, మిగిలిన పొడి దులపాలి. బోర్డు బయటికి తీసుకెళ్ళి తట్టమని ఆ కళ తెలిసినవాళ్ళందరూ చెబుతారు. ఆశీర్వాదానికి అంత ఓపికెక్కడిది? కూర్చున్నచోటే ఉఫ్‌మని ఊదేవాడు. ఆ ఇంట్లో ఇడ్లీ నీలంగానూ, దిండు గులాబీగానూ ఉండేవి.

"ఏవండీ, ఆ ముక్కుకి మాస్కు పెట్టుకోండి. ఆ సుద్దముక్కల సంత పెరటి వసారాలోకి మార్చండి" అని శోభారాణి పెళ్ళాంగా చెప్పింది, రిటైరైన నర్సుగా చెప్పింది, చివరికి చెప్పడం మానేసి కళ్ళతోనే అంది.

"మాస్కు పెట్టుకుంటే ప్రేరణ లోపలికి రాదు శోభా."

"పొడి వస్తోందిగా, సరిపెట్టుకోండి."

పండ్ల బొమ్మలైతే ఇంకో గోల. కొల్లూరు లంక అరటిపళ్ళు పళ్ళెంలో అందంగా అమర్చి, "ముట్టుకున్నావో, బొమ్మ పాడైపోతుంది" అనేవాడు. బొమ్మ పూర్తయ్యేసరికి అరటిపళ్ళు నల్లబడేవి. శోభారాణి మొహం అంతకు ముందే నల్లబడేది.

చెప్పినట్టే అయింది. వానాకాలంలో ఆశీర్వాదానికి దగ్గు పట్టుకుంది. దగ్గు ఆయాసమైంది, ఆయాసం తెనాలి ఆసుపత్రి మంచమైంది. ఆ మంచం పక్కన కూర్చుని శోభారాణి మొక్కుకుంది. ఆయన బతికి బట్టకడితే కోతపండగకి దొరని చర్చికి ఇచ్చేస్తానని.

ఆయన బతికాడు, బట్ట కట్టాడు, ఇంటికొచ్చి మళ్ళీ ఉఫ్‌మన్నాడు. కోతపండగ మాత్రం తప్పకుండా దగ్గరికొచ్చింది.

ఆ పండగ నాడు ఎవరికి కలిగింది వాళ్ళు తెచ్చి చర్చిలో బల్ల ముందు పెడతారు. వడ్లు, గుమ్మడికాయలు, కోళ్ళు. ఆరాధన అయ్యాక వేలం పాడతారు. ఎవరు పాడుకుంటే వస్తువు వాళ్ళది, డబ్బు చర్చిది. బాపట్లలో బిర్యానీ హోటలున్న బ్రహ్మాజీ ఏటా వచ్చి కోళ్ళన్నీ పాడుకుపోతాడు. ఆ కోళ్ళకి ఆ రోజు సాయంత్రం ఉండదు.

"నా జబ్బు తగ్గింది డాక్టరు మందుకే" అన్నాడు ఆశీర్వాదం.

"ఆ మందు పని చేసింది ఎవరి దయకండీ?"

"కావాలంటే గుమ్మడికాయ ఇద్దాం. పెద్దది."

"మీ ప్రాణానికి గుమ్మడికాయ సరిపోతుందనుకుంటే అలాగే మొక్కుకునేదాన్ని" అని లేచిపోయింది శోభారాణి.

ఇక లాభం లేదని ఆశీర్వాదం బుర్రకి పదును పెట్టాడు. మాస్టారి బుర్ర పెన్సిలు లాంటిది, పదును పెట్టినకొద్దీ కురచవుతుంది.

శుక్రవారం శోభారాణి చర్చిలో స్త్రీల ప్రార్థన కూటానికి వెళ్ళగానే, అడవులదీవి నుంచి రహస్యంగా తెప్పించిన ఓ తెల్లపుంజుని తన బొమ్మల గదిలో దించాడు. పొడికి తుమ్ములొస్తాయని శోభారాణి ఆ గది గడప తొక్కదు. పుంజుని స్టూలు మీద నిలబెట్టి పని మొదలెట్టాడు. రెక్కలకి ఎరుపు రుద్దాడు, మెడకి నారింజ పులిమాడు, తోకకి నలుపు దట్టించాడు. ఈకల మీద రంగు ఎంత బాగా కూర్చుందంటే, కాగితం మీద ఇన్నాళ్ళూ వృథాగా గీశాననిపించింది. రంగేసిన పుంజుని దొర గంప కింద మూసి, అసలు దొరని బుట్టలో పెట్టుకుని రైలెక్కి తెనాలి తీసుకెళ్ళి మంగాయమ్మకి అప్పజెప్పాడు. ఆమె పిల్లి బొమ్మ గీస్తున్నది ఆయనే. "నాలుగు రోజులు దాచక్కా, మా ఆవిడకి తెలియకూడదు" అన్నాడు. మంగాయమ్మ పుంజునీ ఆయన్నీ మార్చి మార్చి చూసి సరేనంది.

వచ్చేటప్పుడు ఇంకో భయం పట్టుకుంది. రంగు కాగితం మీదే నిలవదు, కోడి మీద నిలుస్తుందా? చెయ్యి తగిలితే పొడి, చినుకు తగిలితే బురద. కాగితమైతే మందు చల్లి రంగు బిగించొచ్చు, పాపం ఇది ప్రాణమున్న కోడి. అందుకని బ్రహ్మాజీకి ఫోన్ చేశాడు.

"బ్రహ్మాజీ, ఆదివారం మా పుంజు వేలానికొస్తుంది. ఎంతైనా సరే నువ్వే పాడుకో. మధ్యలో నేనేమన్నా, ఎవరేమన్నా వదలకు. పాడుకున్నాక నీళ్ళు తగలనీయకు. తిన్నగా తీసుకుపోయి పని కానిచ్చెయ్."

"మీ పుంజునేనా మాస్టారూ?" అన్నాడు బ్రహ్మాజీ, నమ్మలేక.

"దేవుడి పని బ్రహ్మాజీ. మనసు రాయి చేసుకున్నా."

శనివారం శోభారాణి తెనాలిలో చెల్లెలు కరుణశ్రీని చూసొస్తానని వెళ్ళింది. తెనాలి అనగానే ఆశీర్వాదం ఉలిక్కిపడ్డాడు గానీ, తెనాలి ఏమైనా చిన్న ఊరా అని సర్దుకున్నాడు. సాయంత్రం ఆమె పెద్ద సంచీతో తిరిగొచ్చింది. సంచీలో ఏముందని అడిగితే తనని ఏమడుగుతుందోనని ఆయన అడగలేదు.

ఆదివారం పొద్దున ఆయన స్నానం చేసి వచ్చేసరికి పుంజు ఉన్న గంప గుడ్డ కప్పుకుని గుమ్మంలో సిద్ధంగా ఉంది.

"ఇది మన దొరేనా అండీ?" అంది శోభారాణి, చీర కుచ్చిళ్ళు సర్దుకుంటూ.

"మన దొరే."

ఆటోలో మళ్ళీ అడిగింది. "అరుపూ లేదు, సందడీ లేదు. మన దొరేనా?"

"దేవుడి సన్నిధికి వెళుతున్నానని దానికి తెలిసింది. మన దొరే శోభా."

చర్చి మెట్ల దగ్గర మూడోసారి అడిగింది. ఆశీర్వాదం విసుక్కున్నాడు. "మన దొర కాక ఇంకెవరు! ఎన్నిసార్లు చెప్పాలి?"

గంపలోంచి పుంజు గొంతెత్తి కూసింది. కోడి కూసేలోగా గురువుని ఎరగనని మూడుసార్లు బొంకిన బైబిలు శిష్యుడి సంగతి ఆయన సండే స్కూలు రోజుల నుంచీ వింటున్నదే. మెట్టు మీద కాలు తడబడింది.

ఆరాధన ఎలా జరిగిందో ఆయనకి తెలియదు. ఆడవాళ్ళ వైపు శోభారాణి తల మీద కొంగు కప్పుకుని ప్రశాంతంగా పాటలు పాడుతోంది. మగవాళ్ళ వైపు ఆశీర్వాదం గంపనే చూస్తూ, పైన ఫ్యాను గాలికి ఎర్రపొడి లేస్తుందేమోనని ఊపిరి బిగబట్టాడు. పొడికి భయపడి ఆయన ఊపిరి బిగబట్టడం జీవితంలో అదే మొదటిసారి.

వేలంలో గుమ్మడికాయలైపోయాయి. సంఘ పెద్ద దానయ్య, ఇస్త్రీ మడత నలగని తెల్లచొక్కా మనిషి, గుడ్డ తీసి పుంజుని ఎత్తి గుండెలకి హత్తుకున్నాడు. "ఇది మన శోభారాణమ్మ మొక్కుబడి!"

ఆశీర్వాదం కళ్ళు మూసుకున్నాడు. ఎవరూ అరవలేదు. ఒక కన్ను తెరిచి చూశాడు. దానయ్య చొక్కా మల్లెపువ్వులా ఉంది. ఒక్క మరక లేదు.

'ఔరా, ఏం చెయ్యి నాది!' అనుకున్నాడు. రంగు రాలని పాస్టెల్! ఛాతీ పొంగిపోయింది.

"మాస్టారూ, చివరిసారి మీరూ పట్టుకోండి" అని దానయ్య పుంజుని ఆయన చేతుల్లో పెట్టాడు. పుంజు మెడ వంచి ఆయన మొహంలోకి చూసింది. తర్వాత తిన్నగా చొక్కా జేబులో ముక్కు పెట్టి తెల్ల సుద్దముక్క తీసుకుంది.

ఆశీర్వాదం రుమాలు తీసి దాని వీపు మీద రుద్దాడు. రుమాలు తెల్లగానే ఉంది. మెడ మీద రుద్దాడు. తెల్లగానే ఉంది. రంగు రాలుతుందని మూడు రోజులుగా భయపడ్డ మనిషికి, రాలనందుకు అసలు భయం మొదలైంది.

"శోభా!" అన్నాడు. ఆడవాళ్ళ వైపు శోభారాణి పాటల పుస్తకం తిప్పుతూ ఉండిపోయింది.

"పాట మొదలు! ఎవరండీ?" అన్నాడు దానయ్య.

"ఐదొందలు!" అన్నాడు వెనక బల్ల మీంచి బ్రహ్మాజీ.

"వెయ్యి!" అని ఆశీర్వాదం అరిచాడు.

చర్చి అంతా ఇటు తిరిగింది. బ్రహ్మాజీ కన్నుగీటాడు. చర్చికి డబ్బు రావాలని మాస్టారు పాట పెంచుతున్నాడు, ఎంత భక్తి అనుకున్నాడు పాపం. "పదిహేనొందలు!"

"రెండు వేలు! బ్రహ్మాజీ, వదిలెయ్!"

"మీరేమన్నా వదలొద్దన్నారుగా మాస్టారూ! మూడు వేలు!"

ఆశీర్వాదం జేబులన్నీ తడిమాడు. ఆయన పాడినకొద్దీ బ్రహ్మాజీ నవ్వుతూ పెంచాడు. ఆయన బతిమాలినకొద్దీ ఇంకా నవ్వాడు. ఉన్నదంతా అయిపోయింది. "ఒకటోసారి" అన్నాడు దానయ్య. దొర నోట్లో సుద్దముక్క ఇంకా అలాగే ఉంది. అది బిర్యానీ సంగతి తెలియకుండా ఆయన్నే నమ్మకంగా చూస్తోంది. "రెండోసారి."

"నా రంగుల పెట్టె!" అన్నాడు ఆశీర్వాదం.

దానయ్య మూడోసారి అనబోయి ఇటు తిరిగాడు.

"డబ్బు లేదు దానయ్యగారూ. నా రంగుల పెట్టె ఇస్తాను. తొంభై రంగులు. ఇదే అసలు దొర. నేను వేరే కోడికి రంగేసి మీకు అంటగట్టాలనుకున్నా. ఇదెలా వచ్చిందో నాకు తెలియదు. దీన్ని చంపకండి." చెబుతూ దొరని గుండెలకి హత్తుకున్నాడు.

ముందు బ్రహ్మాజీ నవ్వాడు. "నీళ్ళు తగలనీయొద్దన్నది ఇందుకా మాస్టారూ! నేను పాడను బాబూ, మీ దొరని మీరే ఏలుకోండి." తర్వాత చర్చంతా నవ్వింది. పాదిరి అయ్యగారు మొహం అటు తిప్పుకున్నారు గానీ ఆయన భుజాలు కదులుతున్నాయి.

"పుంజు మాస్టారిది, పెట్టె చర్చిది" అని దానయ్య తేల్చాడు. ఆశీర్వాదం హమ్మయ్య అనుకుని కూర్చోబోయాడు.

"దానయ్యగారూ" అని శోభారాణి లేచింది. "చర్చికి వచ్చిన వస్తువుని వేలం వెయ్యాలి కదండీ?"

"వెయ్యాలమ్మా."

"అయితే ఆ పెట్టె పాట పెట్టండి. నాలుగు వేలు, నేను పాడుతున్నా."

తొంభై రంగుల సుద్దముక్కలు ఆ చర్చిలో ఇంకెవరికి కావాలి? బ్రహ్మాజీ కూడా నోరు మెదపలేదు. మూడోసారి అనేశాడు దానయ్య.

ఆటోలో దొరని ఒళ్ళో పెట్టుకుని ఆశీర్వాదం దాని ఈకలు నిమిరాడు. ఆ తర్వాత మెల్లగా అడిగాడు. "ఎలా తెలిసింది?"

"మంగాయమ్మక్క శుక్రవారమే ఫోన్ చేసింది. మీ పుంజు మా పిల్లిని బీరువా ఎక్కించింది, వచ్చి పట్టుకుపొమ్మని."

"మరి నన్ను నాలుగు మాటలని ఊరుకోవచ్చుగా!"

"అంటే విన్నారా ఎప్పుడైనా? దేవుడికి మొక్కింది దొరని. రంగేసిన కోడినిస్తే, పోయిన దగ్గు రంగేసుకుని తిరిగొస్తుంది." చెయ్యి చాచి దొర తోక సవరించింది. "ఆసుపత్రిలో మీ ఊపిరి ఈలేస్తుంటే పక్కన కూర్చున్నది నేనండి. నాకు కోడి మీద పగేమీ లేదు. మీరు లేకపోతే నేనేం చెయ్యనని భయం." కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. "దగ్గు పోయినందుకు కోడినిచ్చా. మళ్ళీ రాకుండా పెట్టె కొన్నా. ఇక ఆ పెట్టె నాది. వసారాలో కూర్చుని, మాస్కు పెట్టుకుని అడిగితే మూత తీస్తా."

ఆశీర్వాదం దొర వంక చూశాడు. దొర అటు తిరిగి కూర్చుంది.

ఇంట్లో అడుగు పెట్టగానే మసాలా వాసన గుప్పుమంది. పొద్దున్నే వండి మూత పెట్టిన కూర. ఆకలి దంచేస్తోంది, మారు మాట్లాడకుండా పళ్ళెం ముందు కూర్చున్నాడు. రెండు ముద్దలు లోపలికి వెళ్ళాక హఠాత్తుగా చెయ్యి ఆగింది.

"శోభా, ఆ తెల్లపుంజు ఏది?"

"ఈకలు పీకేసరికి మూడు బకెట్ల రంగు నీళ్ళొచ్చాయండి" అంది శోభారాణి, ఇంకో ముక్క వడ్డిస్తూ. "తోలు తీసేశాలే, భయపడకండి. కానివ్వండి, ఇన్నేళ్ళకి మీరు వేసిన బొమ్మ ఒకటి మన కడుపు నింపింది."