చుక్కల అవతలి హంతకుడు, మిద్దె మీది అండాలు

గురువారం పొద్దున అండాలు వేసుకున్న పథకం చిన్నదే. సాయంత్రం భర్తతో దేవరకొండ ఖిల్లా ఎక్కాలి, సర్వపిండి తినాలి, చీకటి పడకముందే దిగాలి. పెళ్ళయి ఇరవై రోజులు. మల్లెలు తడిగుడ్డలో సిద్ధంగా ఉన్నాయి.

"ఇయ్యాల కాదు అండాలూ. ఇన్‌స్పెక్టరమ్మ సీరియల్ ఆఖరి భాగం," అన్నాడు అమరేందర్.

వాడ మొత్తానికి టీవీ ఉన్నది లాడ్లీ బేగం ఇంట్లోనే. సీరియల్లో అన్నీ హత్యలు. హంతకుడు మనిషి కాదు, చుక్కల అవతలి నుంచి వచ్చిన ఆకారం లేనిదేదో. దాన్ని చూసినవాళ్ళకు మతి పోతుంది. ఇన్‌స్పెక్టరమ్మకు మాత్రం పోదు.

"ఏం కండ్లు ఆమెయి! రెప్ప గూడ కొట్టదు," అని అమరేందర్ అనడం అది పన్నెండోసారి. అండాలు కళ్ళ గురించి ఒక్కసారే మాట్లాడాడు, అదీ నలుసు పడినప్పుడు.

గాలికి తిరిగిపోయే యాంటెన్నాను వారానికొక ఇంటివాళ్ళు మిద్దె మీద నిలబడి పట్టుకోవాలి. ఈ వారం వంతు వీళ్ళది.

"నేను పోత తియ్. నువ్వు మంచిగ చూడు," అంది అండాలు. అమరేందర్ మురిసిపోయాడు.

సీరియల్ మొదలవగానే ఆమె హైదరాబాద్ దిక్కున్న యాంటెన్నాను కల్వకుర్తి వైపు జరిపింది. కింద ఎవరూ తిట్టలేదు. ఇంకాస్త తిప్పింది. చప్పుడు లేదు. కసికొద్దీ పూర్తిగా వెనక్కి తిప్పేసింది.

"యా అల్లా!" అని లాడ్లీ బేగం కేక.

"వచ్చింది! గదే, మొఖం లేంది!" అని పక్కింటి గుర్వమ్మ.

తెరనిండా చుక్కలు, గుయ్యిమని హోరు. మేకల ఎల్లేశం తలుపు తోసుకుని బయటపడ్డాడు, వెనకే వాడంతా. తలెత్తితే మసక వెలుతురులో, మిద్దె మీద, కొంగు ఎగురుతూ, చేతిలో ఇనుప కొమ్ములతో ఏదో ఆకారం.

"మన మీదికే దిగిందిరో!" ఎల్లేశం బస్టాండు దాకా ఆగలేదు.

అమరేందర్ మాత్రం మెట్లవైపు ఉరికాడు. "మా ఆమె పైనుంది!" ఒంటి చెప్పుతో పైకొచ్చి ఆమెను చుట్టేసుకున్నాడు.

"ఇన్‌స్పెక్టరమ్మను ఇడిసిపెట్టి వచ్చినవా?"

"ఆమె సంగతి ఆమె చూసుకుంటది. నీకేం కాలేదు గద?"

అండాలు కళ్ళు చెమ్మగిల్లాయి. ఈసారి నలుసు లేదు.

మరుసటి గురువారం అదే భాగం మళ్ళీ వేశారు. గుర్వమ్మ కొడుకు యాంటెన్నాను తిన్నగా పట్టుకున్నాడు. బొమ్మ అద్దంలా వచ్చింది. చుక్కల అవతలిది గోనెసంచి కప్పుకున్న మనిషని తేలిపోయింది. వాడంతా మొహాలు వేలాడేసింది.

"పోయినసారి మస్తుండె. అండాలూ, జర నువ్వే ఎక్కు బిడ్డా," అంది లాడ్లీ బేగం.

అండాలు ఎక్కింది. అడగకుండానే వెనక అమరేందర్ కూడా ఎక్కాడు.

ఇన్‌స్పెక్టరమ్మ హంతకుణ్ణి పట్టుకుందో లేదో ఆ వాడలో ఇప్పటికీ ఎవరికీ తెలియదు.