ఊకదిబ్బ మీద ఆరో నంబరు బూట్లు

రంగూన్‌లో మంచు కురవదన్న మాటను ప్రభుత్వం ఏనాడూ ఖండించలేదు. దాన్ని పట్టించుకోనక్కర్లేదని మాత్రం తేల్చింది. సైన్యం అధికారం చేపట్టిన పదమూడో ఏట, ఎండలు రోళ్ళు పగిలేలా కాస్తున్న వేసవిలో, బోటాటౌంగ్ రేవు పక్కనున్న ఒక ధాన్యం గోడౌనులో జాతీయ హిమక్రీడా ఉపసంఘం ఆవిర్భవించింది. విచ్చేసిన పెద్దలు మెడ మీది చెమట తుడుచుకుంటూ, చలి నుంచి క్రీడాకారులను కాపాడవలసిన బాధ్యత గురించి ఉపన్యసించారు.

ఈ ఆవిర్భావానికి బలమైన కారణమే ఉంది. మిత్రభావం గల ఒక మంచుదేశం మన బియ్యం పట్టుకెళ్ళి, బదులుగా కొన్ని చెక్కపెట్టెలు పంపింది. నీళ్ళు తోడే యంత్రాలు వస్తాయనుకుని దండలతో ఎదురెళ్ళి పెట్టెలు తెరిస్తే, అందులో మంచు మీద జారడానికి పనికొచ్చే స్కీ పలకలు, వాటికి బిగించుకునే బూట్లు కనిపించాయి. పొరపాటు జరిగిందని ఒప్పుకునే ప్రభుత్వమైతే పెట్టెలు తిప్పి పంపేది. మన ప్రభుత్వం అలాంటిది కాదు కనుక దేశం చేతే స్కీ చేయించాలని నిశ్చయించింది.

దేశానికి ఉత్తరాన మంచుకొండ ఉన్నమాట నిజమే. అక్కడికి వెళ్ళే దారిలో తుపాకులు పట్టుకున్నవాళ్ళు ఉన్నమాట కూడా నిజమే. అందుచేత బియ్యం మిల్లుల వెనక కొండలా పేరుకున్న ఊకదిబ్బను మంచుతో సమానమైనదిగా ప్రకటించారు. రెండూ జారతాయి, రెండూ తినడానికి పనికిరావు. ఇంతకన్నా శాస్త్రీయమైన నిరూపణ ఎవరైనా ఎందుకు అడుగుతారు?

ఉపసంఘానికి అధ్యక్షుడు మేజర్ ఫో చిట్. రేవులో జనం ఆయన్ని భయంగానూ, ఆయన వినేటట్టయితే భక్తిగానూ బర్మీలో ‘బోమూ’, అంటే మేజరుగారూ, అని పిలుస్తారు. కార్యదర్శి గోడౌను హెడ్ గుమాస్తా జగదీశ్వరరావు. మింగళ తౌంగ్‌న్యున్ పేటలో కాపురం, తెలుగువారి సభ ఏది జరిగినా ముందు వరసలో కుర్చీ. ఇక ఎవరో ఒకరు నిజంగా జారవలసి ఉంటుంది కాబట్టి క్రీడాకారుడుగా కళాసీ కూర్మనాథాన్ని తీసుకున్నారు. తాతల నాడు శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి వచ్చిన కుటుంబం అతనిది. బస్తాలు మోసి మోసి పిక్కలు గట్టిపడ్డాయి. దిబ్బ మీంచి పడినా లేచి నిలబడగలడని ఉపసంఘం నమ్మింది.

కూర్మనాథం ఒప్పుకోవడానికి కారణం వేరే ఉంది. అతను రోజుకూలీ. ఓడ రాని రోజున పొయ్యిలోంచి పిల్లి లేవదు. మంచుదేశం నుంచి అతిథులు వస్తారు, వారి ముందు సక్రమంగా జారి చూపిస్తే ఉద్యోగం పర్మనెంటు చేస్తాం, కళాసీల లైనులో గది ఇస్తాం, రేషను కూడా ఇస్తామని బోమూ గారు సెలవిచ్చారు. జారకపోతే ఏమవుతుందో ఆయన చెప్పలేదు. అది చెప్పకపోయినా అర్థమయ్యే భాష ఆయనది.

బూట్ల కొలతలు తీయడానికి ఆ దేశం నుంచి ఒక సలహాదారు వచ్చాడు. ఎర్రటి మొహం, దానంతటా చెమటపొక్కులు. దుబాసీ పక్కన నిలబడి తర్జుమా చేస్తుండగా అతను చెప్పిన సంగతులు చాలా విలువైనవి. నిలబడితే కాలివేళ్ళు బూటు ముందు అంచును తాకీ తాకనట్టుండాలి. మోకాళ్ళు వంచితే వేళ్ళు కాస్త వెనక్కి రావాలి. మడమ లేవకూడదు. పల్చటి మేజోళ్ళు ఒక్క జతే తొడగాలి, రెండు జతలు తొడిగితే మడతలు పడి పుండ్లు పడతాయి. సభికులు ఇదంతా శ్రద్ధగా విని చప్పట్లు కొట్టారు. పాటించే ఉద్దేశం లేనప్పుడు శ్రద్ధగా వినడం సులభం.

చిక్కంతా కొలతల దగ్గర వచ్చింది. సలహాదారు మొదట బోమూ గారి పాదం కొలిచి ‘ఆరు’ అన్నాడు. తరవాత జగదీశ్వరరావు పాదం కొలిచి ‘ఎనిమిది’ అన్నాడు. ఇది చాలదన్నట్టు కూర్మనాథం పాదం చాపాడు. మూడు తరాలుగా ఉత్తకాళ్ళతో ఓడబల్లల మీద బస్తాలు మోసిన వంశంలోని పాదం. అది కొలబద్ద చివరిదాకా పోయి, పక్కలకి కూడా పొంగింది. సలహాదారు సంబరంగా ‘పది!’ అని కేక పెట్టాడు. పాపం, పొగుడుతున్నాననుకున్నాడు.

మేజరు ఆరు, గుమాస్తా ఎనిమిది, కూలీ పది. ఇలాంటి కొలత బయటికి పొక్కితే ఏ ప్రభుత్వం నిలబడుతుంది? ఆ గండం గట్టెక్కించినవాడు జగదీశ్వరరావే. లేచి గొంతు సవరించుకుని, శుద్ధమైన బర్మీలో ఉపన్యసించాడు.

“సోదర శ్రామికులారా! మన అతిథి చెప్పినది వారి దేశపు వాతావరణానికి తగిన కొలత. మన దేశంలో పాదం పెరిగేది ఎముకల వల్ల కాదు, బాధ్యతల వల్ల. అందరికన్నా ఎక్కువ బాధ్యత మోసేది మన అధ్యక్షులవారు. కనుక పెట్టెలో ఉన్నవాటిలో అన్నిటికన్నా పెద్దవి వారికే చెందాలి.”

తీర్మానం ఏకగ్రీవంగా నెగ్గింది. అధ్యక్షుడికి పదకొండో నంబరు, కార్యదర్శికి తొమ్మిది. పదో నంబరు జత భవిష్యత్తులో రాబోయే ఉపాధ్యక్షుడి కోసం అలమరలో పెట్టి తాళం వేశారు. క్రీడాకారుడికి ఆరు. సలహాదారు ఏదో అనబోయాడు. దుబాసీ అతనికి చల్లటి కొబ్బరినీళ్ళు అందించాడు.

కూర్మనాథం ఆరో నంబరు బూటులో కాలు దూర్చడానికి ఇద్దరు కళాసీలు వెనకనుంచి తోశారు. వేళ్ళు లోపల ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్నాయి. బకిల్స్ బిగించేసరికి అతని కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

“రావు బాబూ, ఏళ్ళు ఇరిగిపోతన్నాయి. ఆ అలమర్లో పదుంది గదా. ఎవులూ ఏసుకోనిదే గదా. దాన్నియ్యి బాబూ,” అని తెలుగులో బతిమాలాడు.

జగదీశ్వరరావు చుట్టూ చూసి, తెలుగులోనే, మెల్లిగా మందలించాడు. “నీకు పది ఇస్తే నాకు తొమ్మిదేమిట్రా? పర్మనెంటు కావాలా, కాలివేళ్ళు కావాలా? నాలుగు రోజులు ఓర్చుకో, అలవాటవుతుంది.”

సాధన మొదలైంది. ఊకదిబ్బ మీంచి కూర్మనాథం రోజూ జారాడు, రోజూ పడ్డాడు. పడినప్పుడల్లా లేచే ఊకధూళికి రేవంతా తుమ్మింది. బోమూ గారు దిబ్బ మీద నిలబడి పర్యవేక్షించేవారు. వారి బూట్లలో పాతపేపర్లు కుక్కారు. అన్నీ ప్రభుత్వ పత్రికలే కనుక ఏ పాదానికీ అభ్యంతరం లేకపోయింది. అయినా ఆయన ఎడమకు తిరిగితే బూట్లు తిరిగేవి కావు. అందుచేత ఆయన ఎప్పుడూ ఎదటికే చూసేవారు. అది దూరదృష్టికి గుర్తని జగదీశ్వరరావు అందరికీ వివరించాడు.

నొప్పులు రావడం మొదలైంది. సలహాదారు చెప్పిన ప్రకారం, వదులు బూట్లవల్ల ముంగాలి ఎముకకి దెబ్బ తగులుతుంది, బిగువు బూట్లవల్ల గోళ్ళు నల్లబడతాయి, కొత్తవాళ్ళకి తొడలూ పిక్కలూ పట్టేస్తాయి. ఆటకీ ఆటకీ మధ్య బకిల్స్ వదులు చెయ్యాలి, వేడినీళ్ళు పోసుకోవాలి, మంచానికి అతుక్కుపోకుండా కాస్త నడవాలి. ఉపసంఘం ఈ విషయాన్ని కూడా క్రమబద్ధం చేసింది. నడుము నొప్పి మేజరు స్థాయివారికి కేటాయించారు. మోకాళ్ళ నొప్పి గుమాస్తాలకి దక్కింది. కళాసీలు చీలమండ కిందికి ఎక్కడైనా నొప్పి పడవచ్చు. కూర్మనాథానికి ఒకరోజు నడుము పట్టేస్తే, హోదాకు మించిన నొప్పి పడుతున్నావని జగదీశ్వరరావు చీవాట్లు పెట్టాడు.

సాయంత్రం ఇంటికి చేరిన మొగుడి కాళ్ళు చూసి పైడితల్లి గుండెలు బాదుకుంది. బొటనవేళ్ళ గోళ్ళు వంకాయరంగుకి తిరిగాయి. సహకార దుకాణంలో వారానికి ఇచ్చే నువ్వులనూనె ఆ పిక్కలకే ఖర్చయిపోయింది. కూరలు ఉప్పునీళ్ళలో ఉడికించి పెడుతూ, ఆమె పేటంతా వినపడేట్టు తిట్టింది.

“ఏటి మావా, ఇవి కాళ్ళా, కాల్చిన దుంపలా? ఈ కాల్లతో రేపు బస్తా ఎలాగ మోస్తావు? పదో నంబరు కాలికి ఆరో నంబరు తొడిగినోడి సేతులు ఇరిగిపోను! ఆడింట్లో మనుసులు లేరేటి? ఆడికి కాల్లు లేవేటి?”

“మెల్లిగా ఏడవ్వే. పర్మనెంటయితే గదొస్తాది,” అన్నాడు కూర్మనాథం.

“గదొస్తే సాలా? గదిలో నడవడానికి కాల్లుండొద్దా?”

కూర్మనాథం కాళ్ళు వేడినీళ్ళ తొట్టిలో పెట్టుకుని, తన బతుకు తలుచుకుని ఏడ్చాడు. కూలి పోతే ఈ ఊళ్ళో అతన్ని అడిగే దిక్కు లేదు. ఓడెక్కి వెళ్ళిపోదామంటే వెళ్ళవలసిన ఊరి పేరు తప్ప, ఊరు ఎలా ఉంటుందో కూడా తెలియదు.

అతిథులు వచ్చిన రోజున దిబ్బను తెల్లటి సున్నంతో అలంకరించారు. బ్యాండు మోగింది. బోమూ గారు పలకలు బిగించుకుని దిబ్బ మీదనుంచి ప్రసంగించారు. “మన పాదాలు నేల మీద ఉన్నాయి, మన చూపు శిఖరాల మీద ఉంది!” అని ఆవేశంగా ముందుకు వంగారు. వంగకుండా ఉంటే బాగుండేది. పదకొండో నంబరు బూట్లు ఆయన ఆరో నంబరు కాళ్ళకి వీడ్కోలు చెప్పి, పలకలతో సహా, దిబ్బ మీంచి తిన్నగా, హుందాగా, ఎక్కడా తొట్రుపడకుండా జారుకుంటూ వచ్చి సరిగ్గా అతిథుల ముందు ఆగాయి. దారిపొడుగునా పేపరుముక్కలు రాలాయి. బోమూ గారు పైన మేజోళ్ళతో నిలబడి ఉన్నారు.

జగదీశ్వరరావు ముందుగా చప్పట్లు కొట్టాడు. అంతే, రేవంతా మారుమోగిపోయింది. మనిషి లేకుండా బూట్లే జారగల స్థాయికి క్రీడ ఎదిగినందుకు అతిథుల నాయకుడు కూడా లేచి నిలబడ్డాడు.

ఆ చప్పట్లలో కూర్మనాథం కూడా జారాడు. పడలేదు. వేళ్ళు మొద్దుబారిపోవడంతో భయం కూడా తెలియలేదు. అతిథులు దాటి, బ్యాండు దాటి, ధాన్యపు బళ్ళ దాకా వెళ్ళి ఆగాడు. బూట్లు విప్పితే రెండు బొటనవేళ్ళ గోళ్ళూ అందులోనే ఉండిపోయాయి.

మొదటి బహుమతి బోమూ గారి బూట్లకి ఇచ్చారు. కూర్మనాథానికి రెండోది.

ప్రభుత్వం మాట తప్పలేదని ఇక్కడ నిజాయితీగా చెప్పుకోవాలి. కూర్మనాథం ఉద్యోగం పర్మనెంటయింది. అయితే ఆ కాళ్ళతో బస్తాలు మొయ్యలేడని డాక్టరు తేల్చడంతో, అతన్ని బూట్ల గదికి ఇన్‌చార్జిని చేశారు. గది వచ్చింది, రేషను వచ్చింది, నూనె కూడా కాస్త ఎక్కువ వచ్చింది. హోదా పెరిగింది కనుక బూట్లు ఆరు నుంచి ఏడుకి పెరిగాయి. లైనులో ఆడవాళ్ళు పైడితల్లిని ‘ఏడో నంబరోరి ఇల్లాలు’ అని పిలవసాగారు. ఆమె మొదట్లో నవ్వి ఊరుకుంది. తరవాత అలా పిలవనివాళ్ళతో మాట్లాడడం మానేసింది.

బోమూ గారికి మరింత పెద్ద శాఖ వచ్చింది. జగదీశ్వరరావునీ పదకొండో నంబరు బూట్లనీ వెంట తీసుకెళ్ళారు. అధ్యక్షుడూ కార్యదర్శీ లేకపోయినా ఉపసంఘం మాత్రం ఉంది. మళ్ళీ అతిథులు వస్తారని కబురు రావడంతో కొత్త క్రీడాకారుడు కావలసివచ్చాడు. రేవులోంచి అచ్చయ్య అనే కుర్ర కళాసీని పంపారు. పెళ్ళయి ఏడాది కాలేదు, అతనికీ పర్మనెంటు ఆశ చూపించారు.

అచ్చయ్య గుమ్మంలో నిలబడి పాదం తుడుచుకున్నాడు. వెడల్పాటి పాదం, విచ్చుకున్న వేళ్ళు. కూర్మనాథానికి కొలబద్ద అక్కర్లేకపోయింది. తాళం తీశాడు. అలమరలో ఎవరి హోదాకీ చెందని పదో నంబరు జత దుమ్ము కూడా పట్టకుండా మెరుస్తోంది. రోజూ దాన్ని తుడిచేది కూర్మనాథమే. దాన్ని చూశాడు. అచ్చయ్య కాళ్ళు చూశాడు. తన కాళ్ళకున్న ఏడో నంబరు చూసుకున్నాడు. కింది అరలోంచి ఆరో నంబరు జత తీసి ఇచ్చాడు.

“బాబూ, ఇయ్యి పట్టవేమో,” అన్నాడు అచ్చయ్య.

“నాలుగు రోజులు ఓర్చుకో. అలవాటవుద్ది,” అన్నాడు కూర్మనాథం. తనని ఒకరు ‘బాబూ’ అనడం అదే మొదటిసారి.

సాయంత్రం కొత్త గదిలో, నూనె దండిగా వేసి వేయించిన కూర వడ్డిస్తూ, పైడితల్లి అడిగింది.

“కొత్తోడొచ్చేడంట గదా మావా. ఆడికి ఎన్నో నంబరిచ్చినావు?”

“ఆరు.”

పైడితల్లి గరిటె గిన్నెలో పెట్టింది.

“ఆరా? మనకీ ఆడికీ ఒక్క నంబరే తేడానా?” అంది. “ఐదు లేవేటి?”