టోపీ కుడివైపుకి వంచాలి

కళ్ళజోళ్ళ షాపాయన ఆ ఆదివారానికి వేసుకున్న పథకం చాలా చిన్నది. పదింటికల్లా వేషం వేసుకుని సభకు వెళ్ళడం, గ్రూపు ఫోటోలో అక్క పక్కన నిలబడటం, ఒక్క మాటైనా మాట్లాడకుండా ఇంటికి వచ్చేయడం. ముఖం మీదికి దిగే హెల్మెట్ ఒకటి ఉంటే చాలు, పక్కనున్నది తమ్ముడని అక్కకు తెలిసే వీలే లేదు.

సభ ‘ఏడో తారాదళం’ అభిమానులది. నలభై ఏళ్ళ కిందట టీవీలో ప్రతి ఆదివారం సాయంత్రం వచ్చిన ఆ సీరియల్‌ని మరిచిపోలేనివాళ్ళు రెండొందల మంది ఏడాదికోసారి సైనికుల వేషాల్లో ఒక అద్దె హాల్లో కలుసుకుంటారు. ఆయన ఇన్నేళ్ళూ ఆ జోలికి పోలేదు. ఈసారి సేనాని వేషానికి చీటీలు వేస్తే అక్క పేరు వచ్చిందని ఎవరో చెప్పారు. ఆ రోజే దుకాణం వెనక గదిలో హెల్మెట్ పని మొదలుపెట్టాడు. పాత మోటారుసైకిలు హెల్మెట్‌కి వెండి రంగు వేసి, ముందు నల్లద్దం బిగించేసరికి రెండు నెలలు పట్టింది.

అక్కతో మాటల్లేక ఆరేళ్ళు. మేనకోడలి పెళ్ళి విందులో అందరూ సరదాగా ఉన్నారు కదా అని ఆయనా ఒక ఛలోక్తి విసిరాడు. బావ డ్రైవింగు స్కూలు నడుపుతాడు. “మా బావ దగ్గర బండి నేర్చుకున్నవాళ్ళంతా అట్నుంచి అటే మా షాపుకొస్తారు, ఎదురుగా ఏముందో కనబడట్లేదని!” అన్నాడు. బల్లంతా ఘొల్లుమంది. బావ మాత్రం దిగ్గున లేచి బయటికి వెళ్ళిపోయాడు. అక్క ముఖం మాడిపోయింది. ఆయన ప్లేటు అక్కడే వదిలేసి, ఎవరికీ చెప్పకుండా వచ్చేశాడు. తిట్టడానికైనా ఫోను చేస్తుందనుకున్నాడు. చేయలేదు.

హెల్మెట్‌ని గుడ్డతో తుడుస్తుండగా భార్య ఫోను పట్టుకుని వచ్చింది.

“ఏవండీ, మీ దళం నుంచి మెసేజి. చదవనా?”

“చదువు.”

“సోదర సైనికులారా! హాల్లోకి హెల్మెట్లు అనుమతించబడవు. నిరుడు ఒక సైనికుడు హెల్మెట్ తీయకుండానే వేరొక సైనికుడి భార్యను స్కూటరు మీద ఇంటిదాకా దించి వచ్చిన సంగతి మీకు తెలిసిందే. అయితే హెల్మెట్ లేదు కదా అని ఒట్టి తలతో రావడం దళం మర్యాద కాదు. నీలం టోపీ తప్పనిసరి. టోపీ కుడివైపుకి వంచాలి. సేనాని ఎదుట టోపీ తీసి గుండెలకు ఆనించాలి. ఇట్లు, కార్యదర్శి.”

షాపాయనకు తల తీసేసినంత పనైంది. మంచం అంచున కూలబడ్డాడు.

“నేను వెళ్ళను.”

“ఎందుకెళ్ళరూ? టోపీ పెట్టుకోండి.”

“ముఖం కనబడుతుందిగా!”

“మీ అక్కే కదా. మీ ముఖం ఆవిడకేం కొత్త?” అంది ఆవిడ. “ఆరేళ్ళుగా చూస్తున్నాను. ఆదివారం సాయంత్రం అయ్యేసరికి ఫోను చేతిలో పట్టుకుని కూర్చుంటారు. లేవండి,” అంది.

ఇంట్లో నీలం టోపీ లేదు. నిరుడు కంటి పరీక్షల శిబిరంలో పంచిన తెల్ల టోపీ ఒకటి దొరికింది. ఆవిడది రోజంతా కాగితాల మీద స్టాంపులు వేసే ఉద్యోగం కనుక స్టాంపు సిరా సీసా అలమరలో ఉంది. టోపీని సిరాలో ముంచి, పిండి, ఫ్యాను కింద ఆరేసి, తెచ్చి ఆయన తల మీద పెట్టింది.

“పాతికేళ్ళ కాపురంలో మీకు టోపీ పెట్టడం ఇదే మొదటిసారి,” అని నవ్వింది కూడా.

చిక్కంతా టోపీకి ఎడమవైపు ఉన్న అక్షరాలతో వచ్చింది. గుడ్డంతా నీలమైంది గానీ ‘మీ చూపు మా బాధ్యత’ అన్న అక్షరాలకు సిరా అంటలేదు. ముందుకన్నా ఇప్పుడే తళతళా మెరుస్తున్నాయి. ఆ వైపు లోపలికి మడిచి, టోపీని ఎడమ చెవి మీదికి లాగితే తప్ప దాగలేదు. లాగాడు. కుడివైపన్న సంగతి భార్యాభర్తలిద్దరికీ గుర్తులేదు.

బస్సులో కిటికీ పక్క సీటు దొరకలేదు. ఎండ, ఉక్కపోత, మందపాటి సైనికుడి కోటు. దిగేసరికి మెడ మీద ఏదో పాకుతున్నట్టు అనిపించింది. చెమటే అనుకుని చేత్తో తుడుచుకున్నాడు.

హాలు గుమ్మం దగ్గర వరుసలో నిలబడ్డాడు. లోపల్నుంచి సీరియల్ మొదట్లో వచ్చే బాజా వినిపించింది. ఆయన కాళ్ళు అక్కడే ఆగిపోయాయి. వీధి మొత్తానికి ఒక్కటే టీవీ, కాంపౌండరు గారింట్లో. చాప మీద ఇరవై మంది పిల్లలు, గుమ్మంలో చెప్పుల గుట్ట. అక్కకి పదమూడు, తనకు తొమ్మిది. తమ్ముడు వచ్చేదాకా అక్క కాళ్ళు బారజాపుకుని వాడి చోటు కాపాడేది. “ఇక్కడెవరూ లేరుగా?” అని అడిగితే, “ఉన్నాడు, వస్తున్నాడు,” అనేది. సీరియల్ అయ్యాక వీధిలో యుద్ధం. ఇంట్లో హెల్మెట్‌కి పనికొచ్చే గిన్నె ఒక్కటే ఉండేది. దాన్ని అక్క ఎప్పుడూ తమ్ముడి నెత్తినే పెట్టేది. “మరి నీకో?” అంటే, “సేనానికి అక్కర్లేదురా, దెబ్బలు తగలవు,” అనేది. తగిలేవి. ఇంటికి వెళ్ళేముందు నుదుటి మీద జుట్టు కప్పుకునేది.

“ఏమండీ, కదలండి!” అన్నారు వెనకవాళ్ళు.

లోపల అడుగుపెట్టగానే కార్యదర్శి ఎదురయ్యాడు. ఆయన పోస్టుమాస్టరుగా చేసి రిటైరైన మనిషి. చేతిలో మూడు పేజీల నియమావళి. షాపాయన టోపీ చూసి నిలబడిపోయాడు.

“ఎడమవైపు వంచారా!”

“పొరపాటైందండీ, ఇప్పుడే సరిచేస్తా…”

“వద్దొద్దు! ముట్టుకోకండి! ఎడమవైపు వంచేది ద్రోహి ఒక్కడే. ముప్ఫై ఒకటో భాగం. ద్రోహి వేషానికి ఒక్కడూ ముందుకు రాలేదని నిన్నట్నుంచి తల పట్టుకు కూర్చున్నాను. దేవుడిలా వచ్చారు!”

“నేను ఫోటో కోసం వచ్చానండీ, వెనక వరుసలో…”

“ఆ వినయం చూశారా! అచ్చం ద్రోహే!”

అప్పటికే ఇద్దరు సైనికులు చెరో రెక్కా పట్టుకున్నారు. ఒకాయన దంతవైద్యుడు, ఇంకొకాయన లెక్కల మాస్టారు. ఇద్దరూ యాభై దాటినవాళ్ళే గానీ పట్టు గట్టిగా ఉంది. పూలగుత్తికి చుట్టిన ఎర్ర రిబ్బను విప్పి చేతులు కట్టేశారు. షాపాయన “నేను వేషగాణ్ణి కాదు” అన్నకొద్దీ, “ఎంత బాగా చేస్తున్నాడో!” అని చుట్టూ చేరినవాళ్ళు మెచ్చుకున్నారు. అలా మెచ్చుకోలు మధ్యే ఆయన్ని వేదిక ఎక్కించి, సేనాని ఎదుట నిలబెట్టారు.

అక్క వెండి కోటులో ఉంది. జుట్టు సగం నెరిసింది. ఆమె కళ్ళు చేతిలోని కార్డు మీదే ఉన్నాయి. ఆయన తల వంచుకుని నేల చూశాడు.

“టోపీ!” అని గుసగుసగా హెచ్చరించాడు కార్యదర్శి. “సేనాని ఎదుట టోపీ తీయాలి. మర్యాద!”

చేతులు కట్టేసి ఉన్నాయి కాబట్టి ఆ మర్యాద దంతవైద్యుడే జరిపించాడు. టోపీ ఊడి వచ్చింది. షాపాయన బట్టతల నడినెత్తి నుంచి చెవుల దాకా నిఖార్సైన నీలంగా మెరుస్తోంది. నుదుటి మీంచి రెండు చారలు ముక్కు దాకా దిగాయి.

“నీలగ్రహం!” అని అరిచారెవరో. సీరియల్‌లో శత్రువుల తలలు నీలంగానే ఉండేవి. “మారువేషంలో వచ్చిన నీలగ్రహం వాడు!” ఈలలు, చప్పట్లు. కార్యదర్శి కళ్ళు చెమర్చాయి. నలభై ఏళ్ళలో ఇంత శ్రద్ధ చూపిన అభిమాని తనకు తారసపడలేదని పక్కవాళ్ళకు చెప్పాడు.

మైకు సేనాని చేతికి వచ్చింది. శిక్ష చదవాలి. ఆమె కార్డును చెయ్యి సాచినంత దూరం పెట్టింది. కళ్ళు చికిలించి, ఇంకాస్త వెనక్కి వంగింది.

“ఓయీ… ద్రో… దోసకాయ…”

షాపాయన ఆగలేకపోయాడు. పాతికేళ్ళ వృత్తి.

“ద్రోహీ అని ఉంటుందక్కా. అంత దూరం పెట్టుకున్నావంటే నీకు రెండు పవరు రావాలి. ఇన్నాళ్ళూ కళ్ళజోడు లేకుండా ఎలా ఉన్నావు?”

మైకు ఆయన మాటల్ని హాలంతా మోగించింది. అక్క చేతిలోంచి కార్డు జారింది. ఆమె ఒక అడుగు ముందుకు వేసి, ఆ నీలం ముఖంలోకి తేరిపార చూసింది.

“కళ్ళజోడు పెట్టేవాడు ఆరేళ్ళుగా రాలేదురా,” అంది.

ముప్ఫై ఒకటో భాగంలో ఈ మాటలు లేవని కొందరికి అనుమానం వచ్చింది గానీ, పక్కవాళ్ళు ఊరుకోమన్నారు.

“నేరం ఒప్పుకుంటావా?” అంది అక్క, సేనాని గొంతు తెచ్చుకోబోతూ.

“ఒప్పుకుంటానక్కా. బావని నలుగురిలో నవ్వులపాలు చేశాను. నాకు ముఖం చెల్లలేదు.”

“బావనా? బావ నొచ్చుకున్నాడని నీకెవరు చెప్పార్రా?” ఆమె జనం వైపు తిరిగింది. “ఏమండీ! ఓసారి పైకి రండి!”

మూడో వరుసలోంచి బావ లేచాడు. వేషమేమీ లేదు, మామూలు చొక్కా. మెట్లెక్కి, విషయం విని, బావమరిది కేసి వింతగా చూశాడు.

“ఆ రోజా? నవ్వు ఆపుకోలేక మెతుకు గొంతుకి అడ్డం పడిందయ్యా. బయటికి పరిగెత్తి, దగ్గి దగ్గి, చావు తప్పించుకుని వచ్చా. తిరిగొచ్చేసరికి నువ్వు లేవు. ఆ జోకు నేను ప్రతి కొత్త బ్యాచికీ మొదటి రోజు చెబుతాను. వాళ్ళకి భయం పోతుంది.”

“మరి అక్క ముఖం అలా…”

“మనిషి ఊపిరాడక పరిగెడుతుంటే నవ్వమంటావా?” అంది అక్క. “నువ్వేమో చెప్పకుండా పోయావు. నా కూతురి పెళ్ళిలో తింటున్న ప్లేటు వదిలేసి వెళ్ళేంత తప్పు నేనేం చేశానా అని ఆరేళ్ళుగా ఆలోచిస్తున్నాను.”

రిబ్బను ఆమే విప్పింది. ముడి కనబడక ఆలస్యమైంది. తర్వాత తన వెండి కోటు చేతి అంచుతో తమ్ముడి నుదుటి మీది సిరా తుడవబోయింది. సిరా పోలేదు, కోటు పాడైంది. హాలంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. ఉత్తమ వేషం బహుమతి ఆయనకే ఇచ్చారు. వద్దంటే ఆ వినయం కూడా వేషంలో భాగమే అన్నారు.

గ్రూపు ఫోటో అయ్యాక అక్కాతమ్ముళ్ళు క్యాంటీనులో చెరో టీ ముందు పెట్టుకుని కూర్చున్నారు. కాంపౌండరు గారి చాప, గిన్నె, వీధి యుద్ధాలు అన్నీ ఒక్కొక్కటిగా బల్ల మీదికి వచ్చాయి. బావ రెండుసార్లు గడియారం చూసి, ఇక లాభం లేదని తనూ ఒక టీ చెప్పుకున్నాడు. సీరియల్ ఆఖరి భాగం రోజున వీధిలో కరెంటు పోయిన సంగతి గుర్తుకు రాగానే మాత్రం గొడవ మొదలైంది. సేనాని చివర్లో ఇల్లు చేరిందని తమ్ముడు, చేరలేదని అక్క. ఇద్దరూ నలభై ఏళ్ళుగా ఎవరికి వాళ్ళు ఊహించుకున్న ముగింపునే నమ్ముకుని, బల్ల గుద్ది మరీ వాదించుకున్నారు.

ఆ భాగం చూసినవాళ్ళు పక్క హాల్లోనే రెండొందల మంది ఉన్నారు. వెళ్ళి అడుగుదామని ఇద్దరికీ తోచలేదు.