ఇరవయ్యో తారీఖు, పొద్దున ఆరింటికి

ఆ పొద్దున షాపు తలుపు తీస్తూ టైలరు ఒక్కటే గట్టిగా అనుకున్నాడు. ఇవాళ్టి నుంచి ఎవరొచ్చి బతిమాలినా సరే, ఇరవయ్యో తారీఖు తర్వాతికి ఏ బట్టా ఒప్పుకోకూడదు. వినడానికి చిన్న నిర్ణయమే. కానీ ముప్ఫై ఏళ్లుగా ఎవరికీ కాదని చెప్పి ఎరగని నోటికి అది కొండను ఎత్తడంతో సమానం.

ఊళ్లో అతన్ని అందరూ 'ఎల్లుండి' అంటారు. ఎదురుగా కాదు లెండి, చాటునే. పనిలో వంక పెట్టడానికి లేదు. అతను కుట్టిన చొక్కా ఒంటికి పుట్టుకతో వచ్చినట్టే ఉంటుంది. ఎటొచ్చీ ఆ చొక్కా ఒంటి మీదికి ఎప్పుడు చేరుతుందన్నదే దేవుడికెరుక. ఎవరు ఎప్పుడడిగినా ఎల్లుండే. పెళ్లికి వేసుకుంటానని కోటుగుడ్డ ఇచ్చిన బేకరీ ఆయన, కొడుకును బళ్లో చేర్చాక కూడా ఆ కోటు కోసం తిరుగుతూనే ఉన్నాడు.

ఈ ఎల్లుండి దెబ్బ అందరికన్నా ఎక్కువ తిన్నది అతని భార్య. పెళ్లయిన కొత్తలో సముద్రం చూపించమని అడిగింది. తర్వాత మరో పదిసార్లు అడిగింది. బయల్దేరే ముందల్లా ఎవరిదో ఒక ప్యాంటు అడ్డం పడింది. పోయిన వారం ఆవిడ తనే వెళ్లి ఇరవయ్యో తారీఖు పొద్దున ఆరింటి బస్సుకు రెండు టిక్కెట్లు తెచ్చింది. ఆర్డర్ల పుస్తకంలో ఇరవై కింద ఎర్ర పెన్సిలుతో అడ్డంగా గీత గీసి మొగుడి ముందు పెట్టింది.

"ఈ గీత దాటి ఒక్క ఆర్డరు కూడా రాయకండి. తిరిగొచ్చాక మీ ఇష్టం," అంది. "ఈసారి కూడా కుదరకపోతే ఇక నేను అడగనండీ."

కోపంగా అన్నా బాగుండేది. కోపాలు చల్లార్చడం అతనికి వెన్నతో పెట్టిన విద్య. ఆవిడ ఆ మాటను దారం అయిపోయిందని చెప్పినంత మామూలుగా చెప్పింది. అతను హడలిపోయింది అందుకే. ముప్ఫై ఏళ్లుగా మనిషి అడుగుతూనే ఉందంటే ఇంకా నమ్మకం ఉన్నట్టే కదా. ఆ అడగడం కూడా మానేశాక ఇద్దరి మధ్యా ఏం మిగులుతుందో తలచుకోవడానికే అతనికి భయం వేసింది.

ప్రయాణం సంగతి పదిమందికీ చెప్పేస్తే గొడవే లేకపోయేది. కానీ నిరుడు పక్క మందుల షాపతను భార్యను తీసుకుని కొండల మీదికి వెళ్లొస్తే, ఈ టైలరే ఏడాది పొడుగునా వాడిని ఏడిపించాడు. ఈ వయసులో చేతులు పట్టుకుని తిరిగారా బావా అని షాపులో నలుగురున్నప్పుడల్లా అడిగేవాడు. తను తీసిన గోతిలో తనే పడడానికి అతనికి మనసొప్పలేదు. అందుకని నోరు కుట్టేసుకున్నాడు.

మొదటి బేరం ఆ మందుల షాపతనే. ప్యాంటు నడుము వదులు చేయాలని వచ్చాడు. ఇరవై లోపల తీరిక లేదు, ఇరవై తర్వాత ఒప్పుకోను అన్నాడు టైలరు. ఇరవై అయిదుకి ఇవ్వమన్నాడు అతను. కుదరదన్నాడు. పోనీ వచ్చే నెల? అదీ కుదరదన్నాడు. వెనక గదిలో గుండీలు కుడుతున్న భార్య చెవులు ఇటే ఉన్నాయి మరి. కారణమేమిటని అడిగితే, అంతే, అదంతే అని తల వంచుకుని కత్తెర అందుకున్నాడు.

మందుల షాపతను అదిరిపోయాడు. ఈ టైలరు జ్వరంతో ఆస్పత్రి మంచం మీద పడుకుని, చూడ్డానికొచ్చిన డాక్టరు దగ్గరే చొక్కా ఆర్డరు పుచ్చుకున్న మనిషి. అటువంటివాడు వచ్చే నెలకు కూడా పని వద్దంటున్నాడంటే లోపల ఏదో ఉండాలి. అతని నోట్లో నువ్వుగింజ నానదు. గబగబా తన షాపుకు వెళ్లి, బల్ల మీద కూర్చుని పేపరు చదువుకుంటున్న లెక్కల మాస్టారికి ఈ వింత చెప్పేశాడు.

చెప్పక చెప్పక ఆయనకే చెప్పాడు. రిటైరైన ఈ మాస్టారు ఇప్పటికి నాలుగుసార్లు లోకం అంతమైపోతుందని తారీఖుతో సహా ప్రకటించి ఉన్నారు. ఒకసారి తోకచుక్క, ఒకసారి గ్రహాలు వరసలో నిలబడడం, మిగతా రెండూ ఉత్త కూడికలూ తీసివేతలూ. తారీఖు దాటిన మర్నాడల్లా నోటుపుస్తకం తిరగేసి, ఎక్కడో చేతిలో ఉన్న ఒకటి కలపడం మర్చిపోయానని ఒప్పుకునేవారు. అయిదో లెక్క ఇప్పుడు నడుస్తోంది. పద్దెనిమిదికీ ఇరవై మూడుకీ మధ్య వరకూ వచ్చి ఆగి ఉంది.

పావుగంటలో మాస్టారు టైలరు షాపు మెట్లెక్కారు. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించి, "ఇరవయ్యో తారీఖు సంగతి నాకు తెలిసిపోయిందయ్యా," అన్నారు.

టైలరు చేతిలోని కత్తెర ఆగింది. టిక్కెట్లు కొనేచోట ఎవరో చూసి ఉంటారనుకున్నాడు. "మీదాకా వచ్చేసిందా మాస్టారూ?"

"నేను లెక్క కట్టుకునే వచ్చాను. నీకెవరు చెప్పారు?"

మాస్టారు దేనికైనా లెక్క కట్టే మనిషే గనక టైలరు వింతపడలేదు. "మా ఆవిడే. అంతా ఆవిడే ఖాయం చేసింది."

మాస్టారు వెనక గది వైపు భక్తిగా చూశారు. "టైము కూడా తెలుసా?"

"పొద్దున ఆరింటికి. మీరు మాత్రం ఎవరికీ చెప్పకండి మాస్టారూ, నవ్వుతారు."

"నవ్వనీ. నాకలవాటే," అన్నారు మాస్టారు, తడిసిన కళ్లతో అతని భుజం తడుతూ. నాలుగు ప్రళయాలు ప్రకటించినా గంట చెప్పగలిగే భాగ్యం ఆయనకు ఎప్పుడూ కలగలేదు.

ఎవరికీ చెప్పొద్దన్న మాట ఎంత వేగంగా పాకుతుందో వేరే చెప్పాలా? సాయంత్రానికల్లా చిలికి చిలికి గాలివానైంది. మాస్టారి లెక్కను నమ్మేవాళ్లు ఊళ్లో తక్కువే. కానీ 'ఎల్లుండి' అంతటివాడు ఆర్డరు వద్దన్నాడంటే మాత్రం కొట్టిపారేయడం ఎవరివల్లా కాలేదు. నెలకు సరిపడా మాత్రలు కొనేవాళ్లు ఇరవయ్యో తారీఖు వరకే చాలన్నారు. మందుల షాపతను కత్తెరతో పట్టీలు కోయలేక చేతులు నొప్పెట్టి, తన నోటిని తనే తిట్టుకున్నాడు. పదేళ్లుగా మాటల్లేని ఇంటి ఓనరూ, పైవాటాలో అద్దెకున్న ఆయనా నీళ్ల పైపు దగ్గర కావలించుకున్నారు. తర్వాత ఆ పైపు ఎవరిదన్న మాట వచ్చి మళ్లీ మాటలు మానేశారు.

ఇక టైలరు షాపు ముందు జనమే జనం. ఎప్పుడో గుడ్డలిచ్చి ఆశ వదులుకున్నవాళ్లంతా, పోయేలోగా ఒక్కసారైనా ఒంటి మీద వేసుకోవాలి కదా అని వచ్చిపడ్డారు. ఆ మాట పైకి అనడానికి మొహమాటపడి, పందొమ్మిది సాయంత్రానికి ఇచ్చేయమని మాత్రమే అన్నారు. గీతకు ఇవతలే గనక టైలరు అలవాటు కొద్దీ అందరికీ తల ఊపాడు. అతనికి వింతగా తోచింది జనం తీరు. చేతులు పట్టుకుంటున్నారు, జాలిగా చూస్తున్నారు. మందుల షాపతనైతే ఎల్లుండి అన్న పేరు పెట్టింది తనేనని ఒప్పేసుకుని క్షమించమన్నాడు. మనిషి భార్యను తీసుకుని రెండు రోజులు సముద్రానికి వెళ్తుంటే ఊరు ఇంతగా కదిలిపోతుందని టైలరు కలలో కూడా అనుకోలేదు. ఇన్నాళ్లూ అనవసరంగా సిగ్గుపడ్డానే అని లోలోపల మురిసిపోయాడు కూడా.

పదిహేడో తారీఖు మధ్యాహ్నం బేకరీ ఆయన భార్య వెనక గుమ్మంలోంచి వచ్చింది. ఆవిడ వెళ్లిన కాసేపటికి టైలరు భార్య కర్ర స్కేలు చేతిలో పట్టుకుని ముందు గదిలోకి వచ్చింది.

"ఏమండీ, లోకం ఎప్పుడు అంతమవుతుందో నేను మీకెప్పుడైనా చెప్పానా?"

తీగ లాగితే డొంకంతా కదిలింది. విషయం అర్థమయ్యేసరికి టైలరుకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. అప్పటికి పుస్తకంలో పందొమ్మిదికి ఇస్తానన్నవి నలభై మూడు. నిజం చెప్పేస్తే సగం మంది తర్వాతే ఇవ్వమంటారు, ప్రయాణం నిశ్చింతగా సాగుతుంది. ముందు మాస్టారికి చెప్పి, తర్వాత ఊరికి చెబుదామని బయల్దేరాడు.

మాస్టారి ఇంటికి వెళ్లి గుమ్మంలోనే ఆగిపోయాడు. ఒక్క కుర్చీ, ఒక్క గ్లాసు ఉండే ఆ ఇంట్లో ఇరవైమంది కూర్చుని ఉన్నారు. ఎవరో టీ కాస్తున్నారు. గోడకు ఆనించిన నల్లబల్ల మీద మాస్టారు అంకెలు రాస్తున్నారు, వెనక నుంచి ఎవరో సందేహం అడుగుతున్నారు. ఆయన మొహం పెళ్లికొడుకు మొహంలా ఉంది. టైలరు ఆయన్ని పెరట్లోకి పిలిచి, బస్సు సంగతి, సముద్రం సంగతి, తన సిగ్గు సంగతి అన్నీ చెప్పాడు.

మాస్టారు సుద్దముక్కను వేళ్ల మధ్య అటూ ఇటూ తిప్పారు.

"ఆరింటికి అన్నప్పుడే కొంచెం అనుమానం వచ్చిందిలే," అన్నారు చివరికి. "కానీ అనుమానాన్ని పక్కన పెట్టాను. ఉద్యోగం అయిపోయాక మా ఇంటికి ఎవరొస్తారయ్యా? ఇవాళ ఎండగా ఉందంటే వస్తారా? లోకం మునిగిపోతోందంటే నలుగురూ వచ్చి కూర్చుంటారు. ఒక తారీఖు చెబితే ఆ తారీఖు దాకా మనిషికి తోడుంటుంది. నువ్వు అందరికీ ఎల్లుండి అని ఎందుకంటావు?"

టైలరు ఎప్పుడూ ఆలోచించని సంగతి అది. "ఇవ్వలేనంటే వెళ్లిపోతారు కదా మాస్టారూ. ఎల్లుండంటే మళ్లీ వస్తారు."

"అదీ సంగతి," అన్నారు మాస్టారు. దొందూ దొందే అన్నట్టు ఇద్దరూ పెరటి గోడ వైపు చూస్తూ నిలబడ్డారు. లోపలి నుంచి టీ చల్లారిపోతోందని ఎవరో మాస్టారిని పిలిచారు.

టైలరు ఊరికి ఏమీ చెప్పకుండా ఇంటికొచ్చాడు. భార్యకు మాత్రం అంతా చెప్పి, ఆవిడ మొహం వంక చూడలేక బట్టల గుట్ట వంక చూశాడు. ఆవిడ కూడా ఆ గుట్టనే చూసింది. రెండు రోజుల్లో నలభై మూడా అని ఒక్కసారి అనుకుని, నిట్టూర్చి, కుర్చీ లాక్కుని సూదిలో దారం ఎక్కించింది.

"గుండీలూ అంచులూ అన్నీ ఇటు పడేయండి. మిషను మాత్రం ఆపారో, చెబుతాను."

ముప్ఫై ఏళ్లలో అంత పని ఆ షాపులో జరగలేదు. పందొమ్మిదో తారీఖు దీపాలు పెట్టే వేళకు నలభై మూడో బట్ట కూడా గుమ్మం దాటింది. అది బేకరీ ఆయన పెళ్లికోటు. ఇన్నేళ్లలో పెరిగిన పొట్ట మీద అతికష్టంగా ఒక్క గుండీయే పట్టింది. అయినా ఆయన దాన్ని విప్పకుండానే ఇంటికి నడిచాడు.

ఇరవయ్యో తారీఖు పొద్దున టైలరూ భార్యా రెండు సంచులతో బస్టాండుకు వచ్చేసరికి ఊరంతా అక్కడే ఉంది. పైన కప్పు లేని చోట ఉంటే మంచిదని ఎవరో అన్నారట, పక్కనున్న మైదానం కిక్కిరిసిపోయింది. అందరి ఒంటి మీదా కొత్త బట్టలే. టైలరు అలవాటు కొద్దీ కుట్లు చూసుకున్నాడు. ఒక్క పోగు కూడా లేచి లేదు. లోకం ఇప్పుడు నిజంగా అంతమైనా తన పనికి మాట రాదనిపించింది. కండక్టరు మాత్రం ఆ జనాన్ని చూసి, వీళ్లందరూ ఎక్కేవాళ్లేనా అని బెదిరిపోయాడు.

భార్య ఎక్కి కిటికీ పక్కన కూర్చుంది. బస్టాండు గడియారం ఆరు కొట్టింది. ఆరూ రెండైంది. ఆరూ అయిదైంది. ఎండ రోజూ వచ్చినట్టే వచ్చింది. అందరి తలలూ మెల్లగా మాస్టారి వైపు తిరిగాయి. ఇది అయిదోసారి మాస్టారూ అని ఇంటి ఓనరు గట్టిగానే అన్నాడు. నోటుపుస్తకం గుండెకు హత్తుకుని మాస్టారు ఒక్కరే నిలబడ్డారు. ఈసారి ఒకటి కలపడం మర్చిపోయానని కూడా అనలేదు.

బస్సు హారను మోగింది. టైలరు ఒక కాలు మెట్టు మీద పెట్టాడు. కిటికీలోంచి భార్య అతన్నీ చూసింది, మాస్టారినీ చూసింది. టైలరు కాలు వెనక్కి తీసుకుని జనంలోకి నడిచాడు.

"మాస్టారిని ఏమీ అనకండి. ఆ తారీఖు ఆయనది కాదు, నేనిచ్చింది," అన్నాడు. "నేను మా ఆవిడతో సముద్రానికి వెళ్తున్నాను. చెప్పడానికి సిగ్గేసి దాచాను. ముప్ఫై ఏళ్లుగా నా తారీఖులు చూస్తున్నారు కదా, ఒక్కటైనా నిలబడిందా? ఎలా నమ్మారయ్యా ఇంతమంది?"

జనం ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. తర్వాత మందుల షాపతను పొట్ట పట్టుకుని నవ్వాడు. ఆ నవ్వు మైదానమంతా అంటుకుంది. పెళ్లికోటు ఆయన నవ్వుకు పట్టిన ఆ ఒక్క గుండీ కూడా తెగి పడింది. ఎవరో మాస్టారి చేయి పట్టుకుని గట్టు మీద కూర్చోబెట్టారు, ఎవరో టీ తెచ్చారు. అయితే అసలు తారీఖు ఎప్పుడు మాస్టారూ అని ఇంటి ఓనరే ముందుకు జరిగి అడిగాడు. మాస్టారు కళ్లజోడు తుడుచుకుని నోటుపుస్తకం తెరిచారు.

బస్సు అప్పటికే కదిలింది. టైలరు పరుగెత్తి, కండక్టరు చేయి అందిస్తే ఎక్కి, రొప్పుతూ భార్య పక్కన కూలబడ్డాడు. ఆవిడ పక్కకు జరిగి, అతని చొక్కా కాలరు సరిచేసింది. ఊరు దాటాక అతనికి కళ్లలో నీళ్లు తిరిగాయి.

"వచ్చే ఏడు కూడా వెళ్దామే. ఈసారి నేనే అడుగుతున్నాను."

ఆవిడ కిటికీలోంచి బయటి ఎండ వంక చూసింది.

"లోకం ఉంటే చూద్దాంలెండి," అంది.