ఖాళీగా తిరిగొచ్చిన గిన్నె

సోమవారం పొద్దున్న సత్యశ్రీ వేసుకున్న పథకం చాలా చిన్నది. అందరికంటే ముందు బడికి వెళ్ళి, తెలుగు మాస్టారి బల్ల మీద తన కథ పెట్టేసి, చప్పుడు చెయ్యకుండా వచ్చి చివరి బెంచీలో కూర్చోవాలి. శనివారం అమలాపురంలో గ్రంథాలయ వారోత్సవాలు. ప్రతి బడి నుంచి ఒక కథ చదివిస్తారు. ఆ కథ తనది కావాలని సత్యశ్రీ ఆశ. పదో తరగతికి వచ్చినా ఆ పిల్ల ఇంతవరకు దేనికీ ఇంతగా ఆశపడలేదు.

శ్రీరామమూర్తి మాస్టారు ముందే చెప్పారు. "మనిషి పిసినారి అని రాయకండర్రా. ఏం చేసిందో రాయండి, ఏమందో రాయండి. ఎలాంటిదో చదివేవాడు తేల్చుకుంటాడు."

సత్యశ్రీ అలాగే రాసింది. ఆమె కథలో సుభద్ర అని ఒకావిడ. పక్కింటివాళ్ళు కూర పంపితే "అమృతంలా ఉంది వదినా" అని కబురు చేస్తుంది. గిన్నెని మాత్రం తళతళా తోమి, ఖాళీగా తిప్పి పంపుతుంది. వచ్చినవాళ్ళు వెళ్ళడానికి లేవబోతుంటే తను ముందు లేచి ఫాను కట్టేస్తుంది. అంతే. సత్యశ్రీ వాళ్ళ ఊళ్ళో ఎవరూ గిన్నెని ఖాళీగా తిప్పి పంపరు. ఏమీ లేకపోతే నాలుగు పచ్చిమిరపకాయలైనా వేస్తారు.

మాస్టారు మురిసిపోయి ఆ కథని ఫొటో తీసి, బడి వాట్సాప్ గ్రూపులో పెట్టేశారు. సత్యశ్రీ పేరు కూడా పెట్టారు. మధ్యాహ్నం భోజనాల వేళకి సుభద్ర ఎవరో ఊరు తేల్చేసింది.

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి, కొబ్బరితోట అవతలి ఇంటి రమణమ్మ అరుగు మీద కూర్చుని ఉంది. ఇరవయ్యేళ్ళుగా ఆ రెండిళ్ళ మధ్య గిన్నెలు తిరుగుతూనే ఉన్నాయి. ఈమధ్య వాటిని మోసే పని సత్యశ్రీ తాతయ్య బుచ్చిరాజు తీసుకున్నాడు. షుగరు డాక్టరు రోజూ నడవమన్నాడట.

"ఏమ్మా, నేను సుభద్రనా?" అంది రమణమ్మ.

"కాదండి అత్తయ్యగారూ. ఉత్త కల్పనండి," అంది సత్యశ్రీ. ఆ మాట ఆమెకే సరిగ్గా వినపడలేదు.

"మా అమ్మాయి ప్రియాంక ఫోనులో చదివి వినిపించింది. ఫాను కట్టేస్తుందంట! మా ఫాను కాలిపోయేలా వేడెక్కుతుంటే కట్టెయ్యనా, ఏం?"

"పిసినారి అని నేనెక్కడా రాయలేదండి."

"రాయకపోవడమే గదమ్మా నా ఏడుపు! నువ్వు తిట్టుంటే నేనూ ఓ నాలుగు తిట్టేదాన్ని. గిన్నె ఖాళీగా వచ్చిందని రాసి ఊరుకున్నావు. మిగతాదంతా ఊళ్ళోవాళ్ళు అనుకున్నారు."

లోపలి నుంచి సత్యశ్రీ తల్లి వెంకటదుర్గ వచ్చింది. సర్దిచెబుతుందని సత్యశ్రీ అనుకుంది. "ఖాళీగా రావడం నిజమే గదండీ వదినగారూ. మూడుసార్లు వచ్చింది. నేనేమన్నా అన్నానా?" అంది ఆవిడ.

"మా గిన్నె నీ దగ్గర్నుంచి ఖాళీగా రాలేదా? నేను కథలు రాయించేనా?"

ఇద్దరూ ఒకరినొకరు అబద్ధాలకోరును చూసినట్టు చూసుకున్నారు. రమణమ్మ అక్కడి నుంచి తిన్నగా మాస్టారి ఇంటికి వెళ్ళింది. "నేను సరే అనేదాకా ఆ కథ ఊరు దాటడానికి వీల్లేదండి." మాస్టారు మర్యాదస్తుడు. "ఆయ్, అలాగేనండి" అన్నారు. శుక్రవారం సాయంత్రం దాకా గడువు.

మంగళవారం సత్యశ్రీ భయపడి కథ చివర "సుభద్ర చాలా మంచిది" అని ఒక వాక్యం కలిపి తీసుకెళ్ళింది. మాస్టారు కొట్టేశారు. "మంచిదని చెప్పకూడదమ్మా, చూపించాలి."

చూపించే పని అప్పటికే రమణమ్మ మొదలుపెట్టింది. నేతి సున్నుండలు పాతిక చేసి, బుచ్చిరాజు చేతికి గిన్నె ఇచ్చి పంపింది. ఇంటికి చేరినవి రెండు.

"చూసేవా? ఇంత రభస చేసి, రెండంటే రెండు!" అంది వెంకటదుర్గ.

"పోనీలే అమ్మా, ఉన్నంతలో పంపింది," అన్నాడు బుచ్చిరాజు, తువ్వాలుతో మూతి తుడుచుకుంటూ.

మనం ఎలాంటివాళ్ళమో వాళ్ళకి తెలియాలని బుధవారం వెంకటదుర్గ ఇరవై బొబ్బట్లు చేసి పంపింది. రమణమ్మకు అందినవి మూడు. "మా ఇంట్లో ముగ్గురమని లెక్కకట్టి మరీ పంపిందండీ!" అని ఆవిడ వీధిలో నిలబడి నలుగురికీ చూపించింది. గురువారం రమణమ్మ ఇంటి నుంచి బేసిన్ నిండా కొబ్బరి లౌజు బయలుదేరింది. చేరింది మాత్రం అడుగు కప్పేటంతే. రాత్రి అన్నాల దగ్గర వెంకటదుర్గ గట్టిగా చెప్పేసింది. "ఆవిడ మన గడప తొక్కేదాకా నువ్వు పరీక్షలకి తప్ప పెన్ను పట్టుకోకు." సత్యశ్రీ అన్నం కలుపుతూనే ఉంది కానీ తినలేదు.

శుక్రవారం పది గంటలకి వెంకటదుర్గ పంపిన, బెల్లం పాకం పట్టిన గోరుమిటీల గిన్నె పట్టుకుని వెళుతూ, బుచ్చిరాజు తోట పక్క కాలవగట్టు మీద కళ్ళు తిరిగి కూలబడ్డాడు. ప్రియాంక చూసి కేక పెట్టింది. రెండిళ్ళవాళ్ళూ పరుగెత్తుకొచ్చారు. ఊరి నర్సమ్మగారు వచ్చి వేలు గుచ్చి చూసింది. షుగరు నాలుగువందల పన్నెండు.

"ఏం పెడుతున్నారండీ ఈయనకి?"

"కాఫీలో కూడా పంచదార వెయ్యమండీ!" అంది వెంకటదుర్గ.

"మా ఇంట్లో మంచినీళ్ళు కూడా ముట్టరండీ!" అంది రమణమ్మ.

నర్సమ్మగారు ఆయన ఒళ్ళో ఉన్న తువ్వాలు తీసింది. కింద తొమ్మిది గోరుమిటీలు ఉన్నాయి. గిన్నెలో నాలుగే ఉన్నాయి.

ముందుగా వెంకటదుర్గ తేరుకుంది. "మావయ్యగారూ, ఆ ఖాళీ గిన్నెలూ..."

"ఆయ్."

"నా సున్నుండలండీ, బాబాయిగారూ?" అంది రమణమ్మ.

"ఆయ్."

"నా బొబ్బట్లు?" అంది వెంకటదుర్గ.

"ఆయ్. నెయ్యి కాస్త తగ్గిందమ్మా."

కొత్తపేట ఆసుపత్రిలో ఇంజక్షను వేయించుకుని సాయంత్రానికి బుచ్చిరాజు మంచం చేరాడు. రమణమ్మ వారంలో మొదటిసారి ఆ గడప తొక్కింది. మూలన నిలబడ్డ సత్యశ్రీని దగ్గరకి పిలిచి, మాస్టారికి ఫోను కలపమంది.

"కథ పంపించెయ్యండి మాస్టారూ. ఒక్క అక్షరం మార్చకండి."

"మరి సుభద్రండీ, అత్తయ్యగారూ?" అంది సత్యశ్రీ.

"ఆవిడేం చేసిందమ్మా పాపం? గిన్నె ఖాళీగా వచ్చిందని రాసేవు. మధ్యలో ఎవరు మోసేరో నువ్వు రాయలేదు, మేం అడగలేదు. ఈసారి రాసేటప్పుడు దారి కూడా చూడు."

శనివారం పొద్దున్న, సత్యశ్రీ అమలాపురం బస్సుకి తయారవుతుంటే, రమణమ్మ పాకుండల గిన్నె తనే మోసుకొచ్చింది. మూత మీద గుడ్డ చుట్టి రెండు ముళ్ళు వేసింది. వెంకటదుర్గ అదే గిన్నె నిండా మినప వడియాలు పోసి, మళ్ళీ ముళ్ళు వేసి, తనే వెళ్ళి ఇచ్చి వచ్చింది. మంచం మీద పడుకుని బుచ్చిరాజు ఆ రెండు ప్రయాణాలూ చూశాడు.

"మనిషిని మనిషి నమ్మే రోజులు పోయేయమ్మా," అని నిట్టూర్చాడు.