గడీ ముందు దర్వాజ

ఆ ఆదివారానికి జగదీశ్ వేసుకున్న పథకానికి వంక పెట్టడానికేమీ లేదు. మాదాపూర్‌లోని తన సాఫ్ట్‌వేర్ ఆఫీసు వాళ్ళను బస్సెక్కించడం, మొయినాబాద్‌లో టిఫిన్లు, దారిలో ఎంకపల్లి పాత బురుజు, మధ్యాహ్నానికి తన సొంతూరు ఆలూరులో కోటలాంటి దొరల ఇల్లు, గడీ. ఆఫీసులో బస్సులూ కార్లూ చూసుకునే ఉద్యోగం అతనిది. కంప్యూటర్ల ముందు కూర్చునేవాళ్ళు అతని మాట విని వెంట రావడమే గొప్ప. కానీ అసలు సంగతి అది కాదు. అసలు సంగతి, ముందు సీట్లో కొత్త చీర, కొత్త చెప్పులతో బిగుసుకుని కూర్చున్న అతని తల్లి జంగమ్మ.

జంగమ్మ పెళ్ళయి వచ్చిన నాటి నుంచి ఆ గడీలో బోళ్ళు తోమింది, వడ్లు దంచింది. పనివాళ్ళు ముందు దర్వాజలోంచి రాకూడదు. వెనక సందులో తల వంచుకుని దూరే చిన్న వాకిలి ఉంది, అందులోంచి రావాలి, అదీ చెప్పులు చేత పట్టుకుని. ఆ రోజులు పోయాయి, దొరలు పట్నం చేరారు, ముందు దర్వాజకు తాళం పడింది. చెప్పులు కాళ్ళకే ఉంచుకుని ఒక్కసారి ఆ పెద్ద దర్వాజలోంచి లోపలికి నడవాలని ఆమె కోరిక. అందుకే జగదీశ్ ఆమెను ముందురోజే పట్నం రప్పించాడు, చుట్టంలా బస్సు దిగాలని.

తాళంచెవి దొర మనుమడు రాకేష్ దగ్గర ఉంది. ఆ వారంలోనే అతనికి ఫోన్ చేశాడు. చేవెళ్ళ రోడ్డు మీద ఆ రోజుల్లో పట్నం జనం బస్సులో వచ్చారంటే ఒకటే అర్థం, ప్లాట్లు కొనడానికి. వెంచర్ల వాళ్ళు ఆదివారం వస్తే చాలు, జనాన్ని ఉచితంగా బస్సెక్కించి, భోజనం పెట్టి, పొలాల్లో సున్నం గీతలు చూపించి పంపేవారు. బస్సు ఇంకో పని మీద కూడా రావచ్చని ఆ చుట్టుపక్కల ఎవరికీ తట్టదు. "మా సాఫ్ట్‌వేరోళ్ళు గడీ చూస్తమంటున్నరు దొరా" అని జగదీశ్ అనగానే రాకేష్ గొంతు మారిపోయింది.

"ఎప్పుడొస్తున్నరు జగదీశన్నా?" అన్నాడు.

అన్నా అట! ఆ ఇంట్లో "జగ్గిగా" తప్ప ఇంకో పిలుపు ఎరగడు మనవాడు. ఆ ఒక్క మాటకు కరిగిపోయాడు. పెద్ద పార్టీలేనా అంటే పెద్దోళ్ళే అన్నాడు. ఇళ్ళల్లో మాట్లాడుకునే వస్తున్నారా అంటే అవునన్నాడు. రాకేష్ ఏమనుకుంటున్నాడో అప్పటికే తెలిసింది. నిజం చెబితే "అన్నా" పోతుంది, తాళంచెవీ పోతుంది. నోరు మూసుకున్నాడు.

చివర్లో రాకేష్, బస్సు దర్వాజలో పడుతుందా అని అడిగాడు. పట్టదన్నాడు జగదీశ్. ఆ ఒక్కటి మాత్రం నిజమే చెప్పాడు.

"ఫికర్ చెయ్యకన్నా, నేను చూసుకుంట."

ఇక ఆదివారం మొయినాబాద్ హోటల్లో ఎల్లేశ్ అనే భూముల బ్రోకరు బస్సును చూశాడు. ఎక్కడికవ్వా అని జంగమ్మను అడిగితే, ఆమె సంబరంగా మా ఊరి గడీకి అంది. ఎల్లేశ్ చాయ్ సగంలో వదిలేసి బండి స్టార్ట్ చేశాడు. ఎంకపల్లిలో ఆఫీసు అమ్మాయి ఉమారాణి, బురుజు గోడ ఎంత మందమో చూద్దామని చున్నీ పట్టి కొలిచింది. కొలతలు మొదలయ్యాయని ఊళ్ళో గుప్పుమంది. పట్టాదారు పాసుపుస్తకాలు పట్టుకుని రైతులు పరుగెత్తుకొచ్చారు. ముడిమ్యాల దగ్గర ఒకాయన రోడ్డుకు అడ్డంగా ట్రాక్టరు పెట్టి, మా చెల్క భూమి కూడా జర చూడండని పట్టుబట్టాడు. అందరికీ జగదీశ్ చెప్పింది ఒకటే, వచ్చేటప్పుడు చూస్తామని. చేవెళ్ళ దాటేసరికి బస్సు వెనక బండ్లూ కార్లూ పెళ్ళి ఊరేగింపులా తయారయ్యాయి. వెనక ఇంకా పార్టీలున్నాయి, తొందరపడమని ఎల్లేశ్ రాకేష్‌కు ఫోన్ల మీద ఫోన్లు కొట్టాడు.

ఆలూరులో బస్సు దిగిన జగదీశ్‌కు ముందు షామియానా కనిపించింది, తర్వాత బిర్యానీ గిన్నెలు, తర్వాత ఎండలో సేద తీరుతున్న జేసీబీ. దర్వాజ కనిపించలేదు. దర్వాజ ఉండాల్సిన చోట బస్సు పట్టేంత ఖాళీ ఉంది. ఇత్తడి బొడిపెల తలుపులు రెండూ బస్సు చక్రాలు దిగబడకుండా ముందున్న మోరీ కాలువ మీద అడ్డంగా పరిచి ఉన్నాయి.

"పొద్దుగాలనే తీయించిన అన్నా," అన్నాడు రాకేష్ మెరిసిపోతూ. "కస్టమర్లు నడుసుడెందుకని."

జగదీశ్ తల్లి వైపు చూడలేకపోయాడు. నాలుగు రోజుల కింద చెప్పాల్సిన మాట అప్పుడు చెప్పాడు.

"వీళ్ళు కొననీకి రాలే దొరా. ఊకె చూడనీకి వచ్చిన్రు."

"చూడనీకా?" రాకేష్‌కు నిజంగానే అర్థం కాలేదు. "ఏమున్నదని ఈడ చూడనీకి?"

ఇప్పుడైతే ఏమీ లేదు మరి. ఎల్లేశ్ చప్పుడు చేయకుండా బండి తిప్పుకున్నాడు. రాకేష్ ఆ ఖాళీనీ, మోరీ మీది తలుపులనూ మార్చి మార్చి చూసి, "ముందే చెప్తే ఏం పోయేదిరా జగ్గిగా," అన్నాడు. తిట్టినట్టు కూడా అనలేదు, ఏడుపు గొంతుతో అన్నాడు. ఏం పోయేదో జగదీశ్‌కు తెలుసు, "అన్నా" అనే పిలుపు. అదీ ఇప్పుడు పోయింది.

జంగమ్మ ఆ ఖాళీ దాకా వచ్చి ఆగింది. తర్వాత చెప్పులు విప్పి చేత పట్టుకుని, గోడ వారగా వెనక సందు వైపు నడిచింది.

"అవ్వా, ఇటు రా, తొవ్వ ఖుల్లా ఉన్నది," అన్నాడు జగదీశ్.

"దర్వాజ లేనిదాంట్లకెల్లి పోతే దర్వాజల పోయినట్టెట్లయితది కొడుకా? ఎనకదన్న ఉన్నది గద."

ఏం చేయాలో తోచక ఉమారాణి ఆమె వెంట నడిచింది. ఉమారాణి వెనక ఆఫీసంతా కదిలింది. పెద్ద పెద్ద జీతాల తలలన్నీ ఒక్కొక్కటే వంగి చిన్న వాకిలిలోంచి లోపలికి దూరాయి. చల్లారిపోతున్న బిర్యానీ తినండని చెప్పడానికి వాళ్ళ వెనకే రాకేష్ కూడా దూరాడు, వాకిలి పైకమ్మికి తల కొట్టుకుని.

ముందు వైపు నుంచి దర్జాగా గడీలోకి పోయింది ఖాళీ బస్సు ఒక్కటే.